కళ్ళజోళ్ళ కొట్టులో మాటల డాక్టరు

ఆయనకి మాటల డాక్టరని పేరు పెట్టింది కింది అంతస్తు దర్జీ. పై గదిలోకి రోజూ ఎవరో ఒకరు వెళ్ళడం, గంట తర్వాత కళ్ళు తుడుచుకుంటూ దిగిరావడం, చేతిలో మందుల చీటీ గానీ సీసా గానీ లేకపోవడం చూసి, "పైన ఉన్నాయన ఏం డాక్టరండీ?" అని అడిగినవాళ్ళకి "మాటల డాక్టరు" అని తేల్చి చెప్పేశాడు. పేరు అతుక్కుపోయింది. నిజానికి అందులో రెండు తప్పులున్నాయి. ఆయన డాక్టరు కాదు, థెరపిస్టు. మాటల మనిషి అసలే కాదు. ఆ గదిలో మాట్లాడేదంతా వచ్చినవాళ్ళే. ఈయన తల ఊపుతాడు, "ఊఁ" అంటాడు, మరీ అవసరమైతే "మీకేమనిపించింది?" అని అడుగుతాడు. ఆ మాత్రం దానికి డబ్బులు కూడా తీసుకుంటాడా అని దర్జీకి లోలోపల అనుమానం. తీసుకుంటాడు. ఆ డబ్బులతో ఇల్లు గడవడం లేదు, అదీ అసలు సంగతి.

గదిలో రెండు కుర్చీలు, మధ్యలో చిన్న బల్ల, దాని మీద మంచినీళ్ళు, కాగితపు రుమాళ్ళ పెట్టె. గోడ గడియారం వచ్చినవాళ్ళ తల వెనక ఉంటుంది, టైము చూస్తున్నట్టు వాళ్ళకి తెలియకూడదని. కింద దర్జీ మిషను పొద్దస్తమానం గరగరలాడుతూనే ఉంటుంది. అది మంచిదే అయింది. మిషను నడుస్తున్నంతసేపూ జనం ధైర్యంగా ఏడుస్తారు. దారం తెగి మిషను ఆగిందంటే పైన ఏడ్చే మనిషి కూడా గొంతు తగ్గించేస్తుంది.

రోజుకి నలుగురైదుగురి కంటే ఎక్కువమందిని చూడడం ఆయన వల్ల కాదు. ఆ తర్వాత వచ్చిన మనిషి మాటలు చెవిలో పడతాయి గానీ మనసులోకి దిగవు. ఆ నలుగురైదుగురిలోనూ సగం మంది పూర్తి ఫీజు ఇచ్చుకోలేని వాళ్ళు. అడగడానికి ఈయనకి మొహమాటం. ఇంతలో ఇంటివాడు గది అద్దె పెంచి కూర్చున్నాడు.

"ఆ గది వదిలేసి ఏదైనా ఆస్పత్రిలో చేరిపోకూడదూ?" అంది భార్య. ఆవిడ బడిలో లెక్కల టీచరు. ఏ లెక్కయినా చివరి మెట్టు దాకా తీసుకెళ్ళకుండా వదిలే రకం కాదు.

"ఆస్పత్రిలో చేశానుగా. మనిషికి పావుగంట ఇస్తారు. పావుగంటలో మనిషి చెప్పుకునేది ఇంకా గొంతు దాకా కూడా రాదు."

"అయితే గది ఉంచాల్సిందేనంటారు."

"ఉంచాల్సిందే. అది పోతే నేను చేసేది ఇంకేమీ లేదు."

"సరే, ఉంచండి. ఆ గదిని పోషించే పని ఇంకోటి చూసుకోండి. సాయంత్రాలు ఖాళీయేగా?"

ఆవిడ ఎత్తిపొడుపుగా అనలేదు. లెక్క తేలింది కాబట్టి జవాబు చదివింది, అంతే. ఆయన ఆ మర్నాటి నుంచే సాయంత్రపు పని కోసం తిరగడం మొదలుపెట్టాడు.

మొదట దొరికింది గొంతు పని. ఫోను చేస్తే ముందుగా వినబడే మాటలు ఉంటాయే, దయచేసి వేచి ఉండండి, మా వాళ్ళందరూ వేరే కాల్స్‌లో ఉన్నారు అని, అవి రికార్డు చేయాలి. గొంతు బాగుందని తీసుకున్నారు. చదివించి చూసి పంపించేశారు. దయచేసి వేచి ఉండండి అని ఈయన అంటుంటే ఎవరో పోయారని చెప్పబోతున్నట్టుందిట. తర్వాత బట్టలుతికే మిషన్ల కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగం. అక్కడ వినడమే పని కదా, తన సొత్తే కదా అని సంబరపడ్డాడు. పప్పులో కాలేశాడు. నీళ్ళు కారుతున్నాయని ఫోను చేసిన పెద్దాయన చేత, ఆ మిషను కొన్న కూతురితో మాటలు లేవన్న సంగతి దాకా చెప్పించాడు. పెద్దాయనకి గుండె బరువు దిగింది. మిషను సంగతి ఇద్దరూ మర్చిపోయారు. ఇలాంటివి ఇంకొన్ని అయ్యాక, మీరు చాలా మంచివారండీ అంటూనే కంపెనీ వాళ్ళు దండం పెట్టేశారు.

అప్పుడు కలగజేసుకున్నది అక్క. అక్క మొగుడికి కళ్ళజోళ్ళ కొట్టు ఉంది. బావ ఉత్త చేతులతో మొదలుపెట్టి అద్దాల బీరువాల దాకా ఎదిగినవాడు, నోరు పెద్దది, మనసు కూడా పెద్దదే, కానీ ముందు వినబడేది నోరే.

"రారా బావమరిదీ! ఊళ్ళో వాళ్ళ మనసులు బాగుచేసి అలిసిపోయావా? ఇక్కడ కళ్ళు బాగుచేద్దువుగాని రా. కాకపోతే ఒక్కటే షరతు. నా కొట్టుకొచ్చి ఏడ్చి వెళ్ళిపోయేవాళ్ళు ఉండకూడదు. కొని వెళ్ళాలి."

కొట్టు పనిలో చేతి పని వరకూ మాటల డాక్టరు ఇట్టే పట్టేశాడు. ఫ్రేము కాడలు వేడి చేసి చెవి వంపుకి సరిపోయేలా వంచడం, కందిగింజ కంటే చిన్న మర బిగించడం, ముక్కు మీద పడిన ఎర్రటి అచ్చు చూసి ఎక్కడ వదులు చేయాలో చెప్పడం అన్నీ వచ్చాయి. అమ్మకం దగ్గరే అంతా తలకిందులయ్యేది. కొనవచ్చిన మనిషి ఫ్రేము పెట్టుకుని, అద్దంలో చూసుకుని, ఇటు తిరిగి "ఇది నాకు బాగుందాండీ?" అని అడుగుతుంది. ప్రపంచంలో ఏ కొట్టువాడైనా బాగుందంటాడు. ఈయన మాత్రం కాస్త ముందుకు వంగి, మెత్తగా, "మీకేమనిపిస్తోంది?" అంటాడు.

అనకుండా ఉండలేకపోయేవాడు పాపం. ఏళ్ళ తరబడి పట్టిన అలవాటు. తన అభిప్రాయం అవతలి మనిషి నెత్తిన రుద్దకూడదన్నది వాళ్ళ చదువులో మొదటి పాఠం. అడిగిన మనిషి ఆలోచనలో పడేది. ఏమనిపిస్తోంది? నిజమే, ఏమనిపిస్తోంది? అద్దంలోకి ఇంకోసారి చూసేది. బుగ్గలు జారినట్టు, వాళ్ళమ్మలా తయారవుతున్నట్టు కనిపించేది. ఈయన ఏమీ అనకుండా ఓపిగ్గా కాచుకునేవాడు. ఆ మౌనంలో మనిషి మెల్లిగా ఫ్రేము తీసి బల్ల మీద పెట్టి, "మళ్ళీ వస్తానండీ" అని వెళ్ళిపోయేది. ఒకామె మాత్రం అక్కడే కూర్చుని కళ్ళొత్తుకుంది. బావ లోపలి నుంచి అది చూశాడు.

"ఏరా, నీకేమైనా నేను అన్యాయం చేశానా? బాగుందమ్మా అనడానికి నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"అది కాదు బావా, వాళ్ళకి వాళ్ళు తేల్చుకోవాలి కదా..."

"తేల్చుకుంటే ఇంట్లోనే తేల్చుకునేవాళ్ళు, ఇంత దూరం నడిచి నా కొట్టుకెందుకొస్తారు? ఇదిగో విను. ఏది పెట్టుకుని అడిగితే అది బాగుందను. ఎర్రదైతే ఎర్రది, నల్లదైతే నల్లది. నీ బుర్ర వాడకు. నెలాఖరు దాకా చూస్తాను. అప్పటికీ దారికి రాకపోతే నీ దారి నీది, నా దారి నాది. మీ అక్క అన్నం మానేసినా సరే."

ఆ మాటలో వేళాకోళం లేదు. కొట్టు పోతే గది పోతుందని మాటల డాక్టరుకి కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి "బాగుందమ్మా" అని సాధన చేశాడు. పక్క గదిలో పేపర్లు దిద్దుకుంటున్న భార్య "ఏంటి బాగుంది?" అని కేకేసింది. ఏమీ లేదన్నాడు.

ఇక్కడ మంగళవారం ఆవిడ సంగతి చెప్పాలి. గదికి వచ్చేవాళ్ళ పేర్లు ఆయన ఇంట్లో ఎత్తడు, వాళ్ళ కష్టాలు అసలే ఎత్తడు. కాబట్టి భార్యకి వాళ్ళు వారాల లెక్కనే తెలుసు. బుధవారం కుర్రాడు, శుక్రవారం మొగుడూ పెళ్ళాం, మంగళవారం నాలుగు గంటలావిడ. మంగళవారం ఆవిడ యాభై దాటిన మనిషి, పుస్తకాలు కుట్టి అట్టలు వేసే చోట పనిచేస్తుంది. భర్త ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ప్రతీదీ ఆయనే ఎంచేవాడు, చీర రంగుతో సహా. ఆయన పోయాక ఈవిడ ఒకరోజు సబ్బు కొనడానికి వెళ్ళి, ఏ సబ్బు తీసుకోవాలో తేలక, అరల ముందు నిలబడి నిలబడి ఉత్త చేతులతో ఇంటికొచ్చింది. ఆ దిగులు పట్టుకుని గదికి వచ్చింది. ఇప్పుడు ఎంచిపెట్టడంలో భర్త స్థానంలోకి కొడుకు వచ్చాడు. అమ్మ పని మానేసి ఇంటిపట్టున ఉండాలంటాడు. ప్రేమతోనే అంటాడు. ఈవిడకి ఆ పనంటే ప్రాణం, ఆ ముక్క కొడుకుతో అనడానికి నోరు రాదు. వారం వారం వచ్చి, చేతిసంచి ఒళ్ళో గట్టిగా పట్టుకుని, నేల చూపులు చూస్తూ అదే అడుగుతుంది.

"మీరే చెప్పండి. మానేయమంటారా, వద్దంటారా? మీరేది చెప్తే అది చేస్తాను."

అందుకే ఆయన చెప్పడు. చెప్తే భర్త, కొడుకు, ఆ తర్వాత తను. ఎంచిపెట్టేవాళ్ళ వరసలో మూడోవాడు అవుతాడు, అంతే. చెప్పకపోవడం ఆయనకీ సుఖంగా ఉండేది కాదు. ఒక్కో మంగళవారం "మానకండమ్మా" అన్న మాట పళ్ళ దాకా వచ్చేది. మింగేసేవాడు.

ఆవిడ గదికి వస్తున్న సంగతి కొడుక్కి తెలియదు. ఆ రోజు పని ఎక్కువని చెప్పి వస్తుంది. మొదటి రోజే ఆయన అందరికీ చెప్పినట్టు ఆవిడకీ చెప్పాడు: "బయట ఎక్కడైనా కనబడితే నేను పలకరించను. చిన్నచూపు అనుకోవద్దు. మీరు పలకరిస్తేనే పలుకుతాను, లేకపోతే నేను మీకు ముక్కూ మొహం తెలియని మనిషిని." వాళ్ళ వృత్తిలో అది కట్టుబాటు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది, గదికి వచ్చేవాళ్ళతో వేరే ఏ బేరమూ పెట్టుకోకూడదు.

నెలాఖరు శనివారం సాయంత్రం కొట్టు తలుపు తోసుకుని వచ్చింది ఎవరనుకున్నారు? మంగళవారం ఆవిడే. వెనక కొడుకు, చేతిలో మోటారు సైకిలు తాళాలు ఆడిస్తూ.

మాటల డాక్టరు తప్పించుకునే దారి వెతికాడు. పక్క బల్ల దగ్గర పనిచేసే అమ్మాయికి అప్పగిద్దామంటే ఆ అమ్మాయి టీకి వెళ్ళింది. లోపలికి జారుకుందామంటే లోపల బావ. ఫోను చెవిన పెట్టుకునే, కానివ్వు అని కళ్ళతో గదమాయిస్తున్నాడు. ఆవిడ ఈయన్ని చూసింది. తర్వాత నేరుగా వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుని, చేతిసంచి కొడుకు చేతిలో పెట్టి, "దగ్గరి చూపుకండీ. మంచి ఫ్రేములు చూపించండి, పాత సరుకు అంటగట్టకండి" అంది.

పలకరించలేదు. అంటే ఈయనా పలకకూడదు. కట్టుబాటుని తన కంటే ఆవిడే బాగా పాటిస్తోందనిపించింది ఆయనకి.

ఆ తర్వాత చూసింది చూసినట్టు నమ్మడం ఆయనకి కష్టమైంది. గదిలో వాక్యం పూర్తి చేయలేని మనిషి ఇక్కడ గలగలా మాట్లాడుతోంది. ఒక ఫ్రేము కాడ వంచి చూసి "ఇది తుమ్మితే విరిగేలా ఉందే!" అంది. ఇంకోటి పెట్టుకుని "ఇందులో మా సూపర్‌వైజరులా ఉన్నాను, వద్దు" అని పక్కన పడేసింది. కొడుకు పకపకా నవ్వాడు. కనుపాపల మధ్య దూరం కొలవడానికి ఈయన కొలబద్ద పట్టుకుని, "నా కళ్ళలోకి సూటిగా చూడండమ్మా" అన్నాడు. ఇన్నాళ్ళలో గదిలో ఒక్కసారి కూడా చూడని మనిషి చూసింది, రెప్ప వేయకుండా. ఈయనే అంకె తప్పు చదివి మళ్ళీ కొలిచాడు.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి గోధుమరంగుది, గుండ్రటి అద్దాలది. ఇంకోటి ఎర్రది, కొత్తగా వచ్చిన సరుకు, రెండింట్లో ధర ఎక్కువ దానికే.

"గోధుమరంగుది తీసుకో అమ్మా, హుందాగా ఉంటావు. ఎర్రదేంటి, ఈ వయసులో?" అన్నాడు కొడుకు. ముద్దుగానే అన్నాడు.

ఆవిడ ఎర్రది పెట్టుకుని అద్దంలో చూసుకుంది. మెల్లిగా ఇటు తిరిగి మాటల డాక్టర్ని అడిగింది.

"ఇది నాకు బాగుందాండీ?"

మీకేమనిపిస్తోంది అన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. లోపల బావ ఫోను పెట్టేసి ఇటే చూస్తున్నాడు. కొడుకు కూడా ఇటే చూస్తున్నాడు. ఆయన నోరు తెరిచాడు.

"ఎర్రదే బాగుందమ్మా" అన్నాడు.

"విన్నావురా?" అంది ఆవిడ కొడుకుతో. డబ్బులు కొడుకే కట్టాడు, పైగా తనకి ఒక ఎండ కళ్ళజోడు కూడా కొనుక్కున్నాడు. వాళ్ళు అటు వెళ్ళగానే బావ బయటికొచ్చి వీపు మీద ఒక్కటి చరిచాడు. "పుట్టావురా ఇవాళ! ఒక్క ముక్క, రెండు అమ్మకాలు. ఇంక నువ్వు ఎక్కడికీ పోనక్కర్లేదు."

గది నిలబడింది. మాటల డాక్టరుకి సంతోషం వేసింది, దాచడం దేనికి? బస్సులో కూర్చున్నాక ఆ సంతోషానికి తెగులు పట్టింది. బేరం పెట్టుకోకూడని మనిషితో బేరం పెట్టుకున్నాడు. అంతకంటే ఘోరం, ఇన్నాళ్ళూ బిగబట్టిన అభిప్రాయం ఒక ఫ్రేము దగ్గర జారవిడిచాడు. మంగళవారం ఆవిడకి విషయం విప్పి చెప్పాలి, వేరే థెరపిస్టు దగ్గరికి వెళ్తానంటే పంపించాలి అనుకున్నాడు. ఆవిడ అసలు వస్తుందా అన్నది ఇంకో భయం.

వచ్చింది. నాలుగింటికే. ఎర్ర కళ్ళజోడు పెట్టుకుని. కింద మిషను జోరుగా నడుస్తోంది. చేతిసంచి మాత్రం మామూలుగానే ఒళ్ళో గట్టిగా పట్టుకుంది. ఈయన గొంతు సవరించుకునే లోపు ఆవిడే అందుకుంది.

"ఒక్క సందేహం. శనివారం నుంచీ నిద్ర లేదు నాకు. ఎర్రది బాగుందన్నారే, అది మీరన్నారా, కొట్టువాడు అన్నాడా?"

ఎలాంటి ప్రశ్న! నేనే అన్నానంటే వచ్చే వారం నుంచీ ప్రతీదానికీ ఈయన నోటి వైపే చూస్తుంది. కొట్టువాడు అన్నాడంటే, వారం వారం నమ్మి వచ్చిన మనిషిని ఒక అమ్మకం కోసం మోసం చేసినట్టు. ఆవిడ ఇంక ఈ మెట్లెక్కదు. మీకేమనిపిస్తోందమ్మా అని తప్పించుకోవచ్చు. చదువు నేర్పిన దారి అది, గౌరవమైన దారి కూడా. కానీ ఆ క్షణాన అది ఆయనకి పిరికి పని అనిపించింది.

"కొట్టువాడే అన్నాడమ్మా" అన్నాడు. "ఆ రోజు అమ్మకం అవకపోతే నా పని పోయేది. ఎవరేది పెట్టుకుని అడిగితే అది బాగుందనమని నాకు నేర్పారు. మీరు గోధుమరంగుది పెట్టుకుని అడిగినా నేను బాగుందనే అనేవాణ్ణి. నాది తప్పే. మీకు కోపం వస్తే న్యాయమే."

ఆవిడ మొహం పాలిపోయింది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఇంక లేచి వెళ్ళిపోతుందనుకున్నాడు. ఏమీ అనకుండా కాచుకోవడం ఒక్కటే తెలుసు కనక కాచుకున్నాడు.

ఆవిడ ఆ ఎర్ర కాడల్ని వేళ్ళతో తడుముతూ చాలాసేపు కూర్చుంది.

"అంటే మీరు చెప్పిందానికి విలువేం లేదన్నమాట" అంది చివరికి.

"ఆ రోజు లేదు."

"గోధుమరంగుది అయినా బాగుందనే అనేవారు."

"అనేవాణ్ణి."

"మరి ఎర్రది ఎవరు తీసుకున్నట్టు?"

ఆయన జవాబు చెప్పబోయాడు. ఆవిడ వినడం లేదు. ఆ ప్రశ్న ఆయన్ని అడిగింది కాదు.

"మావాడు వద్దన్నాడు. మీరు లెక్కలో లేరు. అయితే నేనే తీసుకున్నాను" అంది ఆవిడ, వేరే ఎవరి గురించో తెలిసినట్టు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. సంచి భుజాన తగిలించుకుని లేచింది.

"ఇంకా టైముందమ్మా" అన్నాడు మాటల డాక్టరు కంగారుగా.

"తెలుసండీ. మావాడు ఇవాళ తొందరగా వస్తానన్నాడు. పని మాననని వాడికి చెప్పాలి. ఆలస్యమైతే మళ్ళీ భయమేస్తుంది నాకు." గుమ్మం దగ్గర ఆగి, "వచ్చే మంగళవారం వస్తాను. వాడేమన్నాడో చెప్తాను" అంది.

మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు మిషను గరగరలో కలిసిపోయింది. ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది, ఆ గంటలో సగం ఇంకా మిగిలే ఉంది. మాటల డాక్టరుకి కళ్ళు చెమ్మగిల్లాయి. సంతోషమే. కాకపోతే అందులో తన పాలు ఎంతో, అసలు ఉందో లేదో, ఆ మిగిలిన సగం గంటా కూర్చున్నా ఆయనకి తేలలేదు.